ఇవాళ్టి పేపరు

నాకు కుళ్ళెక్కువ. ఈ సంగతి ముందే రాసిపెడితే తర్వాత దాచుకునే శ్రమ ఉండదు. పక్కింటికి కొత్త ఫ్రిజ్ వస్తే కుళ్ళుకునే రకం కాదు నేను. వస్తువులు నాలుగేళ్ళకు పాడవుతాయి. నా కుళ్ళంతా ఒక మనిషి కూర్చున్న చోటు మీద. ఆ మనిషి నా జంట. ఆ చోటు మా ఊరి లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ.

జంట అంటే మామిడికాయల షెడ్డులో జంట. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే రోడ్డు పక్కన ఉంటుంది మా షెడ్డు. పొద్దున కోసిన కాయతో పదకొండింటికి ట్రాక్టర్లు వస్తాయి. కాయ పోశాక కుప్పకు ఇద్దరు చొప్పున ఆడవాళ్ళు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు సొన తుడిచి, దెబ్బ తిన్న కాయను పక్కన పడేస్తారు. ఇంకొకరు పెట్టెలో పాత పేపరు పరిచి, వరిగడ్డి వేసి, కాయలు పేరుస్తారు. పదేళ్ళకు పైగా నేను తుడిచాను, ఆవిడ పేర్చింది.

మాది వాగు అవతల క్రైస్తవ పేట. ఆవిడది ఊళ్ళో తోటలున్న వాళ్ళ కులం. కానీ ఆవిడకు తోట లేదు. భర్త ఉండగానే అమ్ముడుపోయింది, ఆ తర్వాత భర్తా పోయాడు. మొదటిసారి షెడ్డుకు వచ్చినప్పుడు ముఖం కనపడకుండా తువ్వాలు చుట్టుకుని, ఇంటి నుంచి సీసాలో నీళ్ళు తెచ్చుకుని, మాకు కాస్త ఎడంగా కూర్చుంది. ఆ ఏడాదంతా నేను "అమ్మగారండీ" అన్నాను. రెండో ఏడు "ఏమ్మా" అన్నాను. మూడో ఏడు ఎండలకు ఆవిడ సీసా నీళ్ళు కాగిపోయాయి, మా కుండలో ముంచుకుని తాగింది. అప్పటి నుంచి "నువ్వు" అనడం మొదలుపెట్టాను. ఆవిడ నన్ను ముందు నుంచీ "ఏమే" అనే పిలిచేది. అది మాత్రం మారలేదు.

మా ఇద్దరికీ అక్షరం ముక్క రాదు. ఆ ఒక్క విషయంలో మేం సరిసమానం.

షెడ్డు ఎదురుగా అంగన్‌వాడీ ఉండేది. అక్కడి టీచరమ్మ రిటైరయ్యే వయసులో ఉంది, ఊరికే కూర్చోలేదు. అన్నాలు తిన్నాక మాకు దొరికే అరగంటలో వచ్చి, "ఏంటి, పడుకునే బదులు నాలుగు అక్షరాలు నేర్చుకోరాదా?" అనేది. మిగతా ఆడవాళ్ళు కొంగు మొహాన వేసుకుని పడుకున్నారు. నేనూ నా జంటా లేచి కూర్చున్నాం. అప్పటికి నాకు అరవై దాటాయి. పలకలు లేవు. పెట్టెల మీద రకం పేర్లు రాసి ఉంటాయి కదా, వాటితోనే మొదలుపెట్టించింది. రసం అనే మాటలో 'ర' నా మొదటి అక్షరం. ఆవిడకు బంగినపల్లిలో 'బ'.

రెండు సీజన్లు పట్టింది. నాకు తొందరగా వచ్చిందనే చెప్పాలి, తగ్గించి చెప్పుకోవడం నాకు చేతకాదు. ఒత్తులు నాకు పట్టుబడ్డాయి, ఆవిడకు పట్టుబడలేదు. ఒత్తున్న చోటల్లా ఆవిడ గుంత దగ్గర ఎడ్లబండిలా ఆగేది. "ఇదేంటే?" అని కాగితం నా వైపు తిప్పేది. నేను వెంటనే చెప్పేదాన్ని కాదు. కాసేపు ఆగనిచ్చి చెప్పేదాన్ని. ఆ కాసేపు నాకు హాయిగా ఉండేది.

చదవడానికి మాకు దొరికింది పెట్టెల్లో పరిచే పాత పేపర్లే. కట్టలు కట్టలుగా వచ్చేవి. పేర్చే ముందు ఆవిడ ఒక కాగితం విప్పి పెడితే, కాయ తుడుస్తూ నేను పైకి చదివేదాన్ని. అట్లా ఒకరోజు చదివాను: ఒంటరి ఆడవాళ్ళకు కుట్టు మిషన్లు ఇస్తారు, దరఖాస్తుకు రేపే ఆఖరు రోజు. షెడ్డంతా లేచింది. మర్నాడు పని మానుకుని, ఆరుగురు ఆడవాళ్ళను ఆటోలో ఎక్కించుకుని నూజివీడు తీసుకెళ్ళాను. అందరి ఆధార్ కాగితాలూ నా చేతిలో. ఆఫీసులో గుమస్తా నా చేతిలోని పేపరు ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎప్పటి పేపరమ్మా ఇది? నిరుడుది కదా!"

పేపరుకు పైన తేదీ ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. పెట్టెలో పరిచే కాగితాలతో చదువు నేర్చుకున్నవాళ్ళు చేసే తప్పు అది. తిరుగు ఆటోలో మా పేటవాళ్ళు నన్ను ఏకిపారేశారు. "అక్కా, ఎలక్షన్లు ఎప్పుడో కాస్త చూసి చెప్పు, నిరుడు ఓటేసి వద్దాం" అంది ఒకతె. "నిరుటి వాన ఎప్పుడు పడుద్దో కూడా చూడక్కా, గొడుగు తెచ్చుకుంటాం" అంది ఇంకొకతె. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒకటే పట్టుకుంది: నాకు ఇవాళ్టి పేపరు కావాలి. ఎవరో చదివి, తూకానికి అమ్మేసి, దాని మీద కాయలు పేర్చబోయే ముందు నాకు దొరికేది కాదు. ఇవాళ వచ్చింది ఇవాళే చదవాలి.

ఊళ్ళో లైబ్రరీ ఉంది. ఒక గది, ఒక బల్ల, రెండు బెంచీలు, ఒక ఫ్యాను. గోడ మీద 'అందరికీ ప్రవేశం ఉచితం' అని రాసి ఉంటుంది. ఒత్తుతో సహా నేనే చదువుకున్నాను. మా షెడ్డు పని పదకొండింటికి కాబట్టి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి తల దువ్వుకుని, ఆదివారం గుడికి కట్టే చీర కట్టుకుని వెళ్ళాను.

గుమ్మంలో నిలబడగానే లైబ్రరీ ఆయన లేచి వచ్చాడు. చెడ్డవాడు కాదు. గొంతు కూడా మెత్తన.

"ఏం కావాలమ్మా?"

"పేపరు చదువుకోడానికొచ్చానండీ."

వెనక్కి తిరిగి బెంచీల వైపు చూశాడు. బెంచీల మీద ఊరి మగవాళ్ళు ఉన్నారు. కాళ్ళు ఎడంగా పెట్టుకుని ఉన్నవాళ్ళు కాళ్ళు దగ్గరికి తీయలేదు, అంతే.

"లోపల ఇరుకు కదమ్మా. ఆ కిటికీ దగ్గర నీడగా ఉంటది, అరుగు మీద కూర్చో. నేనందిస్తాగా."

కాగితం కాగితంగా పేపరు విడదీసుకుని చదవడం అక్కడి అలవాటు. పెద్ద పేజీలు లోపల తిరుగుతాయి. జిల్లా పేజీ ఎవరూ చదవనప్పుడు కిటికీ చువ్వల మధ్య నుంచి నాకు వస్తుంది. చదివి మళ్ళీ చువ్వల మధ్య నుంచి ఇచ్చేయాలి. ఏమైతేనేం, అది ఇవాళ్టిది. కాగితం మీద సిరా వాసన పోలేదు. మొదటి పది రోజులూ నేను సంతోషంగానే ఉన్నాను, అబద్ధం చెప్పను.

ఆ సంతోషాన్ని నేనే పాడు చేసుకున్నాను. నా జంటతో గొప్పలు పోయాను. "ఇవాళ్టిది చదివొచ్చా, తెలుసా?" అని కాయలు తుడుస్తూ రోజూ ఊరించాను. పదకొండో రోజు తనూ నాతో వచ్చింది. ఇద్దరం అరుగు మీద కూర్చుంటాం అనుకున్నాను. కూర్చోవడానికి చోటు కూడా తుడిచాను.

లోపల ఒక పెద్ద రైతు ఉన్నాడు. చాట్రాయి వైపు ఆయనకు యాభై ఎకరాల పైన తోటలు. నా జంట భర్తకు తమ్ముడి వరస. గుమ్మంలో ఆవిడను చూడగానే, "అదేంటి వదినా, అక్కడ నిలబడ్డావేంటి? లోపలికి రా" అన్నాడు. ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. వెళ్ళింది. మగవాళ్ళ బెంచీ మీద ఆడమనిషి ఎట్లా కూర్చుంటుందని మర్నాటికల్లా ఆయన ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఫ్యాను కింద వేశారు.

ఇద్దరం ఒకే పెట్టెల మీద అక్షరాలు దిద్దాం. కూలీ ఒకటే. కుండ ఒకటే. ఆవిడ కంటే నేను బాగా చదువుతాను. మరి ఆవిడకు లోపల ఇరుకు కాలేదు.

నన్ను రానివ్వని మగవాళ్ళ మీద నాకు కోపం రావాలి కదా. రాలేదు. వాళ్ళ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిందే, దాని మీద కోపం అరిగిపోయింది. కడుపుమంటంతా ఆవిడ మీదే. వీపుకు గాలి తగులుతుంటే జారిన కొంగు సర్దుకునేది చూడండి, అది చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆవిడ లోపల ఉన్నప్పుడు నేను మళ్ళీ "అమ్మగారండీ, ఆ పేజీ అయిందా అండీ" అనాల్సి వచ్చేది. ఆవిడ పేజీ అందిస్తూ కళ్ళు దించుకునేది. నిజం రాయాలి: మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళకముందే మొదటి పేజీ తీసి కిటికీలోంచి నాకు ఇచ్చింది ఆవిడే. అది కూడా నాకు గిట్టలేదు. నాకు ఇవ్వగలిగే చోట తను ఉండటమే గిట్టలేదు.

ఆ మరుసటి ఏడు పెద్ద రైతుకు కంటి ఆపరేషన్ అయింది. ఫోను చూడొద్దన్నారు, పేపరు చూడొద్దన్నారు. "వదినా, జిల్లా పేజీలో కాయ సంగతులు చదువు, వింటాను" అన్నాడు. ఇక రోజూ ఆవిడే చదవడం. నేను అరుగు మీద కూర్చుని వినేదాన్ని. ఒత్తు దగ్గర ఆగుతుంది. అందరూ ఓపిగ్గా ఆగుతారు. 'మార్కెట్' అనడానికి మూడుసార్లు ఊపిరి పీలుస్తుంది. చువ్వలు పట్టుకుని అరవాలనిపించేది.

"తొందరేం లేదు వదినా, నిదానంగా చదువు" అనేవాడు ఆయన.

నాకు ఎవరన్నా ఒక్కరోజు 'నిదానంగా చదువు' అన్నారా?

ఇప్పుడు నేను చేసిన పని రాస్తాను. షెడ్డులో కట్ట విప్పుతుంటే నిరుటి జిల్లా పేజీ ఒకటి దొరికింది. 'హమాలీల సమ్మె, రేపు మామిడి మార్కెట్ బంద్' అని పెద్ద అక్షరాలు. తేదీ ఉన్న పై అంచు చింపేశాను. ఇస్త్రీ చేసినట్టు అరచేత్తో రుద్ది, జాకెట్లో పెట్టుకుని, మర్నాడు కిటికీ దగ్గర ఇవాళ్టి జిల్లా పేజీ తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు దాని బదులు ఇది ఇచ్చాను. ఆవిడ అది చదువుతుంది, పాతదని ఎవరో పట్టుకుంటారు, నలుగురూ నవ్వుతారు, ఆటోలో నన్ను చూసి నవ్వినట్టు. అంతే నేను కోరుకుంది. అంతకు మించి ముందుచూపు నాకు లేదు.

ఎవరూ పట్టుకోలేదు. ఆవిడ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. పెద్ద రైతు అక్కడి నుంచే కోత మేస్త్రికి ఫోను చేశాడు. "రేపు కోత వద్దు. మార్కెట్ లేదంట."

ఆయన తోటలో కోతకు వెళ్ళేది మా పేట మనుషులే. మర్నాడు పన్నెండు మంది ఇళ్ళ దగ్గర కూర్చున్నారు. అందులో నా కోడలు ఒకతె. కాయ గంపలు మోస్తుంది అది. "ఏంటో అత్తా, ఊరికే ఆపేశారు" అని పొద్దున్నే బట్టలుతుకుతూ కూర్చుంది. మధ్యాహ్నం గాలి లేచింది. కోయాల్సిన కాయ సగం నేల రాలింది. రోడ్డు మీద మిగతా తోటల ట్రాక్టర్లు మామూలుగా వెళ్తుంటే, అప్పుడు తెలిసింది ఆయనకు.

ఆ మరుసటి పొద్దున లైబ్రరీలో ఆయన అరుపులు వీధి చివరి దాకా వినపడ్డాయి. నేను కిటికీ దగ్గరే ఉన్నాను.

"చదవటం రానప్పుడు రాదని చెప్పాలి వదినా! కుర్చీ వేశాం కదా అని చదివేయడమేనా?"

లైబ్రరీ ఆయన ఆ కాగితం వెతికి తీశాడు. "ఇది నిరుటి సమ్మె వార్తండీ. మన లైబ్రరీ ముద్ర కూడా లేదు. ఎట్లా వచ్చిందో."

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూడలేదు. ఒక్కసారన్నా కిటికీ వైపు తల తిప్పలేదు.

"నా సంచిలోదే మరిదిగారూ. షెడ్డులో కాగితం. ఇందులో కలిసిపోయినట్టుంది, నేను చూసుకోలేదు" అంది. లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు కుప్ప దగ్గర నేను కాయలు గట్టిగా తుడుస్తున్నాను. చివరికి ఆవిడే అంది:

"తొక్క ఊడుద్దే. మెల్లగా."

"నేనే పెట్టానని నీకెట్లా తెలుసు?"

"ఈ షెడ్డులో పేపరు చదివేది ఇద్దరం. నేను పెట్టలేదు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే ఏమయ్యేది? నన్ను నాలుగు రోజులు తిడతారు, తర్వాత పెళ్ళికి పిలుస్తారు. నిన్నయితే ఆ అరుగు మీద కూడా కూర్చోనివ్వరు. మీ పేటోళ్ళని కోతకి కూడా పిలవరు." పెట్టెలో గడ్డి సర్దింది. "తేదీ మాత్రం బాగా చింపావులే. ఆ తెలివి ఏడ్చినట్టే ఉంది."

ఆవిడ మాట నిజం. నిజం కాబట్టే నాకు ఇంకా మండింది. కుర్చీ ఆవిడకే దొరికింది. మంచితనం కూడా ఆవిడకే దొరికింది. తప్పు చేసినా తట్టుకోగల మనిషి ఆవిడ, నాకు నా తప్పు కూడా సొంతంగా మోసే వీలు లేదు. అది ఒప్పుకోబుద్ధి కాలేదు నాకు. సాయంత్రం కోడలికి చెప్పాను. అది "చెప్పొద్దత్తా. సీజన్ అయ్యేదాకా నోరు మూసుకో" అంది. బతిమాలింది కూడా.

మర్నాడు వెళ్ళి చెప్పేశాను. న్యాయం కోసమని రాస్తే అబద్ధం. ఆ మనిషి నా కంటే పైన ఉండటం ఓర్వలేక చెప్పాను.

కిటికీ దగ్గర కాదు. గుమ్మం దాటి, బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. "ఆ కాగితం పెట్టింది నేనండీ. అమ్మగారు కాదు."

పెద్ద రైతు నల్ల కళ్ళద్దాల వెనక నుంచి నన్ను చూశాడు. "నువ్వెవరు?"

రెండు సీజన్లు కిటికీ దగ్గర కూర్చున్నాను నేను.

"అరుగు మీద కూర్చుని పేపరు చదివే ఆవిడండీ" అన్నాడు లైబ్రరీ ఆయన.

"చదవడమా? పాత పేపర్లు అడగడానికొచ్చే మనిషనుకున్నానే." నవ్వాడు. "వదిన పంపించిందా నిన్ను? తప్పు నీ మీద వేసుకోమందా?"

నమ్మలేదు. నేను దొంగననైనా నమ్మలేదు, ఎందుకంటే ఈ దొంగతనం చేయడానికి కూడా చదువు రావాలి. నాకు ఒళ్ళు తెలియలేదు. బల్ల మీద ఉన్న మొదటి పేజీ లాక్కుని, పై నుంచి మొదలుపెట్టాను. తేదీ చదివాను. కింద ముఖ్యమంత్రి మాటలు చదివాను, ఏదో కమిషన్ సంగతి, ఒక్క ఒత్తు వదలకుండా, ఒక్క చోట ఆగకుండా, పాస్టరుగారు వాక్యం చదివినంత గట్టిగా.

ఆయన నవ్వు ఆగిపోయింది. నమ్మాడు.

"అయితే నా కాయ రాల్చింది నువ్వే" అన్నాడు. లైబ్రరీ ఆయన వైపు తిరిగి అన్నాడు: "రేపటి నుంచి కాగితం ఏదీ కిటికీలోంచి బయటికి పోకూడదు."

సరిగ్గా నా జంట చెప్పినట్టే జరిగింది. ఆ వారంలోనే కోతకు వేరే ఊరి మనుషులు వచ్చారు. నా కోడలు మిగిలిన సీజనంతా పొద్దున్నే నాలుగింటికి లేచి, వంట చేసి, ఆటోలో దూరపు తోటలకు వెళ్ళింది. నాతో పది రోజులు మాట్లాడలేదు. పేటలో ఆడవాళ్ళు నా ముందే అన్నారు: "ఈవిడకి పేపరెందుకొచ్చిందో గాని, మన నోట్లో మట్టి పడింది."

అయితే కాగితం బయటికి పోకూడదన్నాడు గాని, నువ్వు లోపలికి రాకూడదు అనలేదు ఆయన. ఆ మాట ఈ రోజుల్లో ఎవరూ నోటితో అనరు. అనకుండానే జరిపించుకుంటారు. అంతమంది పని పోగొట్టాక నేను ఇంట్లో కూర్చుంటే అది మరీ సిగ్గుచేటు. మర్నాడు ఎనిమిదింటికి వెళ్ళి, లోపల బెంచీ చివర కూర్చున్నాను. పక్కన ఉన్నాయన కాసేపు ఫోను చూసుకున్నాడు. తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళాడు. ఇంకొకాయన అవతలి బెంచీకి మారాడు. లైబ్రరీ ఆయన గొంతు సవరించుకుని, బల్ల మీద రిజిస్టరు సర్దుకున్నాడు. నాకు బెంచీ అంతా మిగిలింది. పేపరు కూడా మిగిలింది, అన్ని పేజీలూ.

నాలుగు రోజులకు నా జంట తిరిగొచ్చింది. పెద్ద రైతు ఇంట్లో ఏదో పెళ్ళికి ఆవిడను పిలిచారట. మాట్లాడుకున్నారట, అయిపోయిందట. గుమ్మంలో ఆగి, ఖాళీ బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చున్న నన్ను చూసింది. నా పక్కన వచ్చి కూర్చుంటుందని ఒక్క క్షణం అనుకున్నాను. కొంచెం జరిగాను కూడా.

"రా వదినా" అన్నాడు పెద్ద రైతు.

ఆవిడ వెళ్ళి ఫ్యాను కింద కుర్చీలో కూర్చుంది. జిల్లా పేజీ తీసుకుని చదవడం మొదలుపెట్టి, ఒక ఒత్తు దగ్గర ఆగి, కాగితం మీద నుంచి తల ఎత్తి నా వైపు చూసింది. అడుగుతోంది.

తెలిసే, చెప్పలేదు. నా పేజీ నేను చదువుకుంటూ కూర్చున్నాను.